హాండ్‌బ్రేక్ లేని జీపు

కొండల్లేని ఊళ్ళో జీపుకి హాండ్‌బ్రేక్ ఎందుకు అన్నది నేనే. తొంభై ఆరు ఎండాకాలంలో, మా పశువుల పాకలో, మోచేతుల దాకా గ్రీజు పూసుకుని గొంతుక్కూర్చుని అన్నాను. అన్నయ్య నవ్వాడు. వదిన నవ్వింది. డ్రైవర్ కృపానందం కూడా, మేం నవ్వాం కాబట్టి, కాస్త నవ్వాడు. నవ్వి, "మరి కట్ట మీద ఆపాల్సొస్తే ఎట్టాగండీ?" అని అడిగాడు.

"గేరులో పెట్టి దిగు. చక్రం కింద కట్టె పెట్టించు. ఆ మాత్రం తెలీదా?" అన్నాను.

పద్నాలుగేళ్ళుగా ఆ బండి తోలుతున్న మనిషితో అన్న మాట అది. అన్నవాడు అప్పటికి దాన్ని ఊరి చివరి దాకా కూడా సరిగ్గా నడిపి ఎరగడు.

మా ఊరు ఉయ్యూరు దాటాక కృష్ణ ఒడ్డున ఉంటుంది. ఊరికీ ఏటికీ మధ్య కరకట్ట. కట్ట దిగితే ఇసుక, ఇసుక దాటితే ఒక పాయ, పాయ అవతల లంక. ఆ లంకలో మాకు అరటి తోట ఉంది. పేరుకి ఉమ్మడిదే గానీ పెత్తనమంతా అన్నయ్య వెంకటకృష్ణారావుది. ఎండాకాలంలో పాయ మోకాలి లోతుకి తగ్గితే జీపు లంకలోకి పోయి గెలలు వేసుకొస్తుంది. మిలటరీ వాళ్ళు వేలం వేస్తే మా నాన్న కొన్న పాత జీపు. నాలుగు చక్రాలూ లాగుతాయి కాబట్టి ఎంత ఇసుకైనా దానికి లెక్కలేదు. కట్ట మీద దాని చప్పుడు వినిపిస్తే ఊళ్ళో వాళ్ళు "కృపానందం బండి వస్తోంది" అనేవాళ్ళు. మా బండి అని ఎవరూ అనలేదు.

నేను గవర్నర్‌పేటలో బేరింగులు అమ్మే కొట్లో గుమస్తాని. పెళ్ళి కాలేదు. పొద్దున్నే బస్సెక్కి బెంజ్ సర్కిల్‌లో దిగడం, సాయంత్రం మళ్ళీ బస్సెక్కి ఇంటికొచ్చి అన్నయ్య పక్కన కూర్చుని భోంచేయడం. ఎవరైనా నన్ను గురించి అడిగితే అన్నయ్య, "మావాడా? బెజవాడ కొట్లో కూచుంటాడు" అనేవాడు. కూచుంటాడట. ఆ మాట పదకొండేళ్ళు విన్నాను.

మే నెల మొదట్లో కృపానందం వచ్చి మా అరుగు ముందు నిలబడ్డాడు.

"చిన్న గేరు నిలబడట్లేదండీ. లోడు మీద ఇసకలో లాగుతుంటే ఠక్కుమని మధ్యకొచ్చేస్తంది. ఇంజను అరుస్తా ఉంటది, బండి కదలదు."

చిన్న గేరంటే ట్రాన్స్‌ఫర్ కేసుది. ఇలాంటి జీపుల్లో మామూలు గేర్‌బాక్సు వెనక ఇంకో పెట్టె ఉంటుంది. ఇంజను బలాన్ని ముందు చక్రాలకీ వెనక చక్రాలకీ పంచేది అదే. దానికొక చిన్న లివరు. అది ఒక కొసన ఉంటే రోడ్డు మీద పరుగు, ఇంకో కొసన ఉంటే ఇసుకలో లాగే బలం. మధ్యలో ఉంటే మాత్రం ఏమీ లేదు. పెద్ద గేరు ఎందులో ఉన్నా సరే, ఇంజనుకీ చక్రాలకీ సంబంధం తెగిపోయినట్టే. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే నేను చెప్పేదంతా అర్థమవుతుంది.

"ఆటోనగర్‌లో జక్కయ్య దగ్గర పడేద్దాం" అన్నాడు అన్నయ్య. మా జీపుకి ఎప్పుడు జబ్బు చేసినా జక్కయ్యే వైద్యుడు.

"జక్కయ్య ఎందుకు? ఇంట్లోనే విప్పుదాం. నేను చేస్తాను" అన్నాను.

"నువ్వా?" అన్నాడు. ఆ తర్వాత ఇంకేమీ అనలేదు. ఏదైనా అని ఉంటే ఊరుకుందునేమో.

కోతకి ఇంకా ఇరవై రోజులు వ్యవధి ఉంది. కొట్లో సెలవు పెట్టాను. జీపుని పాకలోకి తోయించి, తాటి దూలాల మీద లేపి, నేనూ కృపానందం కింద దూరి ఆ పెట్టెని దించాం. బరువు మొత్తం అతను తన గుండెల మీదే మోశాడు. నేను "నెమ్మది, నెమ్మది" అన్నాను. వదిన మాణిక్యం పాత గంగాళం ఇస్తే అందులో కిరసనాయిలు పోసి ఒక్కొక్క భాగాన్నే కడిగి గోనెపట్టా మీద వరసగా పేర్చాం. ఊళ్ళో వాళ్ళు వచ్చి చూసి పోయేవాళ్ళు. ఏది ఏమిటో నేను చెబుతుంటే కృపానందం బుద్ధిగా తల ఊపేవాడు. అవన్నీ అతనికి తెలుసని ఇప్పుడు నాకు తెలుసు.

లోపలి గేరుకి సూదుల్లాంటి సన్నటి రోలర్లు ఉంటాయి. వాటిని గ్రీజుతో అతికించి, కదలకుండా షాఫ్టు తొయ్యాలి. ఒక్కటి జారినా మళ్ళీ మొదటికే. మూడుసార్లు జారాయి. నాలుగోసారి షాఫ్టు మెత్తగా లోపలికి పోయినప్పుడు కృపానందం "శభాషండీ" అన్నాడు. నా బతుకులో అంత సంతోషంగా గడిచిన రోజులు ఇంకెప్పుడూ లేవు. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది గానీ నిజం నిజమే.

గేర్లు, బేరింగులు, ఆయిలు సీళ్ళు, అన్నీ కొత్తవి తెచ్చాను. ఒక్క స్ప్రింగు తేలేదు. లివరు పెట్టినచోట నిలబడేందుకు లోపల ఒక గోళీ ఉంటుంది, దాన్ని వెనకనుంచి నొక్కి పట్టే స్ప్రింగు అది. చిటికెనవేలి గోరంత ఉంటుంది.

"ఇది అణిగిపోయిందండీ" అని కృపానందం దాన్ని అరచేతిలో పెట్టి చూపించాడు.

జాబితా రాసుకుంది నేనే, మర్చిపోయింది నేనే. మళ్ళీ బస్సెక్కి వెళ్ళి, నా కొట్లో నేనే నిలబడి, మర్చిపోయానని చెప్పుకోవడానికి మొహం చెల్లలేదు. పట్కారుతో దాన్ని రెండు వైపులా పట్టి సాగదీశాను. "ఇప్పుడు చూడు, ఎలా ఎగురుతోందో" అన్నాను. అతను గోళీ తుడిచి నా చేతికిచ్చాడు.

ఇక హాండ్‌బ్రేక్. మా జీపుకి అది చక్రాల దగ్గర ఉండదు, ఈ పెట్టె వెనకాలే ఒక డ్రమ్ములో ఉంటుంది. డ్రమ్ము తుప్పు పట్టింది, లోపలి లైనింగు ఆయిల్లో నాని ముద్దైంది. అది కూడా బాగుచేయాలంటే ఇంకో రెండు రోజులు. పని అయిపోయిందని అందరికీ చూపించాలన్న ఆత్రంలో ఉన్నాను నేను. అప్పుడన్నాను కొండల మాట. డ్రమ్ము తీసి చూరు కింద పడేశాను.

జీపు బయటికి వచ్చిన రోజు అన్నయ్య స్వయంగా ఎక్కి ఇసుకలో అటు నుంచి ఇటు, ఇటు నుంచి అటు తిప్పాడు. చిన్న లివరు ఎక్కడ పెడితే అక్కడ నిలబడింది. సాయంత్రం కట్ట మీద టీ బంకు దగ్గర పదిమందిలో నా భుజం మీద చెయ్యి వేసి, "మావాడే, ఇంట్లోనే విప్పి బిగించాడు. ఆటోనగర్ మొహం కూడా చూడలేదు" అన్నాడు. ఆ టీ ఇప్పటికీ నా నాలుక మీద ఉంది.

కోత మొదలైంది. గెలలు మోసే కూలీల్లో కృపానందం భార్య అమలమ్మ ఉండేది. జీపు కట్ట వాలు మీద ఎక్కడ ఆగినా, వెంటనే తాటికట్టె ముక్క తీసుకుని వెనక చక్రం కింద పెట్టడం ఆమె చేసేది. ఎవరూ పురమాయించలేదు. మొగుడు తోలే బండి కాబట్టి తనే మీద వేసుకుంది. "మా ఆయన కంటే ఈ కట్టె ముక్కే నయం, పెట్టినచోట ఉంటది" అని మిగతా ఆడవాళ్ళని నవ్వించేది.

జూన్ రెండో వారం. మధ్యాహ్నం మూడు దాటింది. జీపు నిండా గెలలు. కూలీలు వెనక నడిచి వస్తున్నారు. నేను ముందు సీట్లో, డ్రైవర్ పక్కన, నేను బాగుచేసిన బండిలో కూర్చున్నాను. కట్ట ఎక్కే వాలు సగానికి వచ్చేసరికి వెనక తాడు సడలి గెలలు జారాయి. కృపానందం ఆపాడు. గేరులోనే ఉంచి ఇంజను కట్టేశాడు. బండి ఒక్క కుదుపు కుదిపి నిలబడింది. అతను దిగి తాడు బిగించడానికి పక్కకి వెళ్ళాడు. అమలమ్మ కట్టె ముక్క పట్టుకుని వెనక్కి వచ్చింది.

నా మోకాలి పక్కన ఠక్కుమంది. చూస్తే చిన్న లివరు మధ్యలో ఉంది.

జీపు వెనక్కి కదిలింది. బ్రేకు అటువైపు ఉంది. లివర్ల మీంచి దాటి, డ్రైవర్ సీట్లో పడి, రెండు కాళ్ళతో తొక్కాను. ఎంతసేపు పట్టిందో చెప్పలేను. జీపు ఆగింది. వెనక నుంచి వచ్చిన కేక మాత్రం ఆగలేదు.

అందరూ వెనక్కి పరిగెత్తారు. ముందు వైపు నేనొక్కణ్ణే ఉన్నాను. పెద్ద గేరు ఫస్టులో ఉంది, కృపానందం పెట్టినట్టే. చిన్న లివరు మధ్యలో ఉంది, ఆ అణిగిపోయిన స్ప్రింగు వదిలేసినట్టే. నా చెయ్యి వెళ్ళి పెద్ద గేరుని న్యూట్రల్‌లోకి లాగింది. తర్వాత చిన్న లివరుని దాని చోటులోకి తోసింది. జీపుని ముందుకి తొయ్యాలి కదా, అందుకే గేరు తీశానని చాలా ఏళ్ళు నాకు నేను చెప్పుకున్నాను. చిన్నది మధ్యలో ఉన్నప్పుడు పెద్దదాన్ని తీయాల్సిన పనే లేదు. ఆ సంగతి ఆ ఊళ్ళో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు.

"తొయ్యండి!" అని అరిచాను. తోశారు. అమలమ్మని చక్రం కింద నుంచి బయటికి లాగారు.

కృపానందం ఆమె తలని ఒళ్ళో పెట్టుకుని పైకి చూశాడు. "గేరులో పెట్టానండీ... పెట్టాను కదండీ?" అన్నాడు.

"న్యూట్రల్‌లో ఉంది" అన్నాను.

అతను లేచి వచ్చి తలుపు దగ్గర నిలబడి లోపలికి చూశాడు. చూసి, వెళ్ళి మళ్ళీ ఆమె దగ్గర కూర్చున్నాడు.

బెజవాడ ఆసుపత్రిలో మోకాలి కింద నుంచి కాలు తీసేశారు. అన్నయ్య దగ్గరుండి అన్నీ చూశాడు. ఆ విషయంలో ఆయన్ని ఒక్క మాట అనడానికి లేదు. నాలుగో రోజు వార్డు బయట వరండాలో నిలబడి నన్ను అడిగాడు.

"ఒరేయ్, న్యూట్రల్‌లో ఉంటే వాడు దిగిందాకా బండి ఎలా ఆగిందిరా?"

"ఇసుకలో చక్రం కాస్త దిగబడి ఉంటుంది" అన్నాను. ఎక్కడా తడుముకోలేదు.

"జక్కయ్యని పిలిపించి ఒకసారి చూపిద్దామా?"

"బండిలో ఏముంది చూడ్డానికి? అది బాగానే ఉంది."

ఆయన తల ఊపాడు. ఆ సాయంత్రమే కృపానందాన్ని పక్కకి పిలిచి, "నీకు తిండికి లోటు రానివ్వను. తోటకి కాపలా ఉండు. బండి మాత్రం ఇక నీ చేతికి ఇవ్వలేను" అన్నాడు. కృపానందం జేబులోంచి తాళం తీసి రెండు చేతులతో ఇచ్చాడు. అన్నయ్య దాన్ని నా చేతిలో పెట్టాడు. "కొట్టు మానెయ్. బండి, తోట నువ్వే చూసుకో" అన్నాడు. పదకొండేళ్ళుగా నేను కోరుకున్న మాట అది. ఆసుపత్రి వరండాలో, ఫినాయిలు వాసనలో, ఆ మనిషి చూస్తుండగా నాకు దక్కింది.

మర్నాడే బెజవాడ వెళ్ళి స్ప్రింగు తెచ్చాను. అన్నయ్య ఇంట్లో లేని పూట చూసి పాకలో వేశాను. చూరు కింద పడేసిన డ్రమ్ము తీసి, తుప్పు గీకి, కొత్త లైనింగు కొట్టించి బిగించాను. వదిన మజ్జిగ తెచ్చి పక్కన పెట్టి డ్రమ్ము కేసి చూసింది.

"కొండలేం మొలవలేదుగా. ఇప్పుడెందుకయ్యా ఇది?" అంది.

"ఉంటే మంచిది కదా వదినా."

"మొన్న కూడా ఉంటే మంచిదే" అంది. గ్లాసు అక్కడే వదిలేసి వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నాకు అన్నం వడ్డిస్తూ 'ఇంకాస్త' అని అడగడం మానేసింది. పెడుతుంది, పక్కకి వెళ్తుంది. అన్నయ్య గమనించలేదు. ఆయనకి తమ్ముడు ప్రయోజకుడయ్యాడన్న ఆనందంలో ఇంకేమీ కనిపించలేదు.

జూలైలో పాయకి నీళ్ళొచ్చాయి. లంకకి దారి మూసుకుంది. ఒక ఆదివారం పొద్దున కట్ట మీద జీపు ఆపుకుని కూర్చుని ఉంటే, పేటలో చర్చి మైకులోంచి కృపానందం గొంతు వినిపించింది. సాక్ష్యం చెబుతున్నాడు. వాళ్ళలో అదొక పద్ధతి, చేసిన తప్పు గానీ పొందిన మేలు గానీ సంఘం ముందు నిలబడి నోటితో చెప్పుకోవాలి.

"ప్రభువు నామంలో అందరికీ వందనాలు. నేను గేరు వెయ్యకుండా బండి దిగాను. నా నిర్లక్ష్యం వల్ల నా భార్య కాలు పోయింది. పద్నాలుగేళ్ళ నుంచి తోలుతున్నాననే గర్వం నాకుండేది. ఆ గర్వాన్ని ప్రభువు అణిచాడు. నా తప్పుని ఆయన ముందూ మీ ముందూ ఒప్పుకుంటున్నాను..."

ఊరంతా వింటోంది. టీ బంకు దగ్గర ఒకాయన "పాపం, నిజాయితీ గల మనిషి" అన్నాడు. నేను తాళం తిప్పి ఇంజను స్టార్టు చేశాను. ఒకడి పాపం ఇంకొకడు మైకులో ఒప్పుకుంటుంటే వినడం ఎలా ఉంటుందో పగవాడికి కూడా తెలియకూడదు.

ఆ మధ్యాహ్నమే వాళ్ళింటికి వెళ్ళాను. చెప్పేద్దామనే వెళ్ళాను. దారిలో మాటలు కూడా కూర్చుకున్నాను. కృపానందం ఇంట్లో లేడు, కొట్టుకి వెళ్ళాడట. అమలమ్మ గుమ్మంలో మంచం మీద కూర్చుని ఉంది. తెగిన కాలి మీద పాత చీర కప్పుకుంది.

"రండి బాబుగారూ. కుర్చీ లాక్కోండి, నేను లేవలేను."

కూర్చున్నాను. "పొద్దున విన్నాను, కృపానందం మాట్లాడింది" అన్నాను.

"ఆఁ. నెల రోజులు కంటికి కునుకు లేదు ఆయనకి. ఇవాళ వచ్చి రెండు ముద్దలు తిన్నాడు."

"అమలమ్మా, ఆ రోజు..." అని ఆగిపోయాను. దారిలో కూర్చుకున్న మాటలు ఒక్కటీ లేవు.

ఆమె నా మొహంలోకి సూటిగా చూసింది.

"ఆ రోజు బండి ఆపాక ఒక్క కుదుపు కుదిపి నిలబడిందండీ. ఆయన దిగి పక్కకి పోయినా నిలబడే ఉంది. నేను కట్టె తీసుకుని వెనక్కి వచ్చిందాకా నిలబడే ఉంది. ఇసకలో దిగబడిందన్నారంట తమరు. అక్కడ ఇసకేదండీ? గ్రావెల్ కదా."

నేను కుర్చీలో ముందుకి జరిగాను.

"ఆయనతో అన్లేదు లెండి. అంటే మరి తప్పెవరిదని వెతుక్కుంటాడు. వెతుక్కుంటా వెతుక్కుంటా తమరింటికే వస్తాడు."

"నేను చెబుదామనే వచ్చానమ్మా" అన్నాను.

"చెప్పకండి" అంది. గొంతు పెంచలేదు. "ఆయన మీద కోపం పోగొట్టుకోడానికే నాకు నెల పట్టింది. మీరు చెప్తే, ఆ కోపం తీసుకెళ్ళి మీ మీద పెట్టాలి. మీ తోట కూడు తింటా అది నా వల్ల కాదు. ఆయన చేశాడనుకుంటే క్షమించెయ్యగలను. మొగుడు కదా. మిమ్మల్ని క్షమించడానికి మీరు నాకేమవుతారండీ?"

లేచాను. గుమ్మం దాటుతుంటే కృపానందం చేతిలో పొట్లంతో ఎదురొచ్చాడు. నన్ను చూసి తలగుడ్డ తీసి పక్కకి తప్పుకుని నిలబడ్డాడు. మనిషి సగమయ్యాడు గానీ మొహం తేటగా ఉంది, జ్వరం దిగినవాడిలాగా.

"మా ఇంటిదాకా వచ్చారా బాబుగారూ" అన్నాడు. ఆ గొంతులో కృతజ్ఞత ఉంది. తర్వాత, అడగొచ్చో లేదో అన్నట్టు కాస్త ఆగి, "బండి ఎట్టా నడుస్తందండీ?" అన్నాడు.

వెనక అమలమ్మ వింటోంది.

"బాగా నడుస్తోంది కృపానందం" అన్నాను.

"నడుస్తదండీ. మీ చేతి పని కదా" అని సంతోషంగా నవ్వి, నాకు దారి ఇచ్చాడు.